విజయవాడ టింబర్ డిపోలో యూరప్ సిల్వర్ ఫర్ పలకలు: కొనబోయేవారి కోసం ఒక సమీక్ష

విజయవాడ ఆటోనగర్ పరిసరాల్లోని ఒక టింబర్ డిపోలో యూరప్ నుంచి దిగుమతి అయిన తెల్ల కర్ర పలకలు దొరుకుతున్నాయి. గుంటూరులోని మా ఇంట్లో పుస్తకాల అలమరాలకూ, ఒక రాతబల్లకూ నేను వాటిలోంచి సిల్వర్ ఫర్ అనే చెట్టు పలకలు తీసుకున్నాను. కళాశాలలో చాలాకాలం వృక్షశాస్త్రం బోధించినవాణ్ని కావడం వల్ల, పలక కనిపిస్తే ధర అడగడానికి ముందు అది ఏ చెట్టుదో, ఎలా పెరిగిందో తెలుసుకోవాలనిపిస్తుంది. ఈ సమీక్షలో సరుకు సంగతీ, చెట్టు సంగతీ కలిసే వస్తాయి. ఈ కర్రలోని మంచిచెడ్డలు చాలావరకు ఆ చెట్టు అడవిలో ఎంతకాలం నీడలో ఉంది, ఎప్పుడు వెలుతురు చూసింది అన్న విషయాల మీదే ఆధారపడి ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంటి లోపల, నేల చెమ్మ తగలని చోట, అలమరాలకూ బల్లలకూ గోడ పలకలకూ ఇది నమ్మదగిన కర్ర. ద్వారబంధాలకూ, వీధి తలుపులకూ, వంటింటి తొట్టి కింది అరలకూ ఇది పనికిరాదు. ఒకే కట్టలో పలకకూ పలకకూ తేడా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, నిలబడి ఒక్కొక్కటీ ఎంచుకునే ఓపిక ఉన్నవారే దీన్ని కొనాలి.

డిపోలో ఈ సరుకునంతటినీ 'జర్మన్ పైన్' అనే పిలుస్తారు, బిల్లు మీద కూడా అలాగే రాస్తారు. నేను చూసిన కట్టల్లో పైన్ కర్ర లేదు; పైన్‌లాగే సూది ఆకులుండే స్ప్రూస్, సిల్వర్ ఫర్ అనే రెండు జాతుల కర్ర కలిసి ఉంది. యూరప్ కోత మిల్లులు ఈ రెండింటినీ కలిపి అమ్మడం పాత ఆచారమే, ఎందుకంటే బలంలో, బరువులో, రంగులో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. అయినా చేతి భూతద్దం ఉంటే వాటిని విడదీయడం సాధ్యమే. కొసను పదునైన బ్లేడుతో నున్నగా కోసి చూస్తే, స్ప్రూస్ కర్రలో వార్షిక వలయాల చివరి భాగంలో అక్కడక్కడ సన్నని చుక్కల్లా జిగురు నాళాలు కనిపిస్తాయి. సిల్వర్ ఫర్ కర్రలో సహజంగా ఆ నాళాలు ఉండవు. స్ప్రూస్ లేత పసుపు రంగులో కొంచెం మెరుస్తుంది. ఫర్ కర్ర మెరుపు లేని తెలుపులో, వలయాల ముదురు భాగంలో కొద్దిగా బూడిద, ఊదా ఛాయతో ఉంటుంది. ఫర్ పలకల్లో ముడులు నల్లగా, గట్టిగా ఉంటాయి. వాటిలో చచ్చిన కొమ్మల ముడులు కొన్ని చుట్టూ ఉన్న కర్రను అంటుకోకుండా విడిగా ఉండి, ఆరాక ఊడి పడతాయి.

జిగురు నాళాలు లేకపోవడం మన ప్రాంతంలో చిన్న విషయం కాదు. ఎండాకాలంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా వెళ్ళే ఊళ్ళలో పైన్ కర్రతో చేసిన అలమరాల ముడుల దగ్గర జిగురు కరిగి పైకి ఊరడం, పాలిష్ చెడిపోవడం, ఆ చోట పెట్టిన పుస్తకం అట్ట అంటుకుపోవడం చాలామంది చూసే ఉంటారు. ఫర్ పలకల్లో ఆ బాధ లేదు. రంగుగానీ వార్నిష్‌గానీ సమంగా పడుతుంది, వాసన కూడా దాదాపు ఉండదు. అందుకే నేను డిపో వారిని అడిగి, కట్టల్లోంచి ఫర్ పలకలను మాత్రమే వేరు చేయించుకున్నాను.

ఇక చెట్టు. సిల్వర్ ఫర్ శాస్త్రీయ నామం ఏబియస్ ఆల్బా. 18వ శతాబ్దంలో ఫిలిప్ మిల్లర్ అనే ఆంగ్లేయ ఉద్యానవేత్త దీనికి ఆ పేరు పెట్టాడు. పిరనీస్ పర్వతాలు మొదలుకొని ఆల్ప్స్, జూరా, వోజ్, జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల మీదుగా కార్పేథియన్ల దాకా, దక్షిణాన ఇటలీలోని కలాబ్రియా, బాల్కన్ కొండల దాకా ఇది సహజంగా పెరుగుతుంది. వానలు బాగా పడే, గాలిలో తేమ ఉండే కొండవాలులు దీనికి ఇష్టం. యూరప్‌లోని సహజ వృక్షాల్లో అత్యంత ఎత్తుకు పెరిగేవాటిలో ఇది ఒకటి: 40, 50 మీటర్లు సామాన్యం, అరుదుగా 60 మీటర్లు కూడా చేరుతుంది. అనుకూలమైన చోట 500 సంవత్సరాలు బతుకుతుంది. ఆకులు చదునైన పొట్టి సూదుల్లా ఉండి, అడుగున రెండు తెల్లని చారలు కలిగి ఉంటాయి. ఒక్కో సూది 8 నుంచి 12 ఏళ్ళ దాకా కొమ్మ మీదే నిలుస్తుంది. కాయలు కొమ్మల మీద నిటారుగా నిలబడి, శరదృతువులో పండాక చెట్టు మీదే పొలుసులు పొలుసులుగా రాలిపోతాయి, నడిమి ఈనె మాత్రం కొమ్మకు మిగిలిపోతుంది.

ఈ చెట్టు స్వభావంలో అన్నిటికన్నా విశేషమైనది నీడను ఓర్చుకునే శక్తి. మనకు బాగా తెలిసిన టేకు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: నల్లమలలోగానీ, తోటలోగానీ టేకు మొక్కకు తలమీద ఎండ లేకపోతే అది ఎదగదు. సిల్వర్ ఫర్ మొక్క పెద్ద చెట్ల కింద, పైనుంచి దిగే వెలుతురులో చాలా కొద్ది భాగంతోనే దశాబ్దాల తరబడి బతకగలదు. ఒక్కోచోట వందేళ్ళు దాటినా మనిషి ఎత్తు మించని మొక్కలు ఉంటాయి. అంత నీడలో ఉన్నప్పుడు అది పైకి ఎదిగే ప్రయత్నం దాదాపు మానుకుంటుంది. నడిమి కొమ్మ ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు మాత్రమే సాగుతుంది, పక్కకొమ్మలు మాత్రం అడ్డంగా చాచుకొని, పై భాగం చదునుగా గొడుగు ఆకారానికి వస్తుంది. దొరికిన ప్రతి వెలుతురు చుక్కనూ పట్టుకోవడానికి అదే సరైన ఆకారం. ఆ నీడలో ఏర్పడే ఆకులు కూడా పలుచగా, కొమ్మకు ఇరుపక్కలా చదునుగా పరుచుకొని ఉంటాయి. కాండం మాత్రం ఏటా ఒక వలయాన్ని, అదీ అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే వలయాన్ని, కూడబెట్టుకుంటూ ఉంటుంది.

ఎప్పుడో ఒక పెద్ద చెట్టు పడిపోతుంది, లేదా అడవిని చూసుకునేవారు దాన్ని కొడతారు. పైకప్పులో కిటికీ తెరుచుకుంటుంది. అప్పటిదాకా ముసలి మొక్కలా నిలబడి ఉన్న ఫర్ ఒకటి రెండేళ్ళు నిదానించి, ఎండను తట్టుకునే కొత్త ఆకులు వేసుకొని, నడిమి కొమ్మను పైకి లేపుతుంది. తరవాత దాని ఎదుగుదల చూస్తే అది అంతకాలం అణిగి ఉన్న మొక్క అని ఎవరూ అనుకోరు. ఏడాదికి అర మీటరు దాకా ఎత్తు పెరుగుతుంది, వలయాల మందం మూడు, నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. దీర్ఘకాలం నీడలో గడిపిన తరవాత కూడా పూర్తి శక్తితో ఎదగడం చాలా జాతులకు చేతకాదు. ఈ చెట్టు జీవితంలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఇదే, తరగతి గదిలో కూడా నేను దీని దగ్గరే ఎక్కువసేపు ఆగేవాణ్ని.

ఈ చరిత్ర అంతా పలక కొస మీద కనిపిస్తుంది. నేను తెచ్చుకున్న పలకల్లో ఒకదానిలో చెట్టు నడిమి బిందువు కూడా కోతలోకి వచ్చింది. ఆ బిందువు నుంచి మొదటి అంగుళంలోనే 60కి పైగా వలయాలు ఉన్నాయి, భూతద్దం లేకుండా వాటిని లెక్కపెట్టడం కష్టం. ఆ తరవాతి అంగుళంలో ఉన్నవి ఎనిమిది. ఒక మొక్క అరవై ఏళ్ళు పెద్ద చెట్ల కింద వేచి ఉండి, పైన దారి దొరికాక లేచింది అనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. కానీ కొనేవారికి కావలసింది దాని ఫలితం. అలా సన్నని వలయాలు ఉన్నట్టుండి వెడల్పు వలయాలుగా మారిన చోట కర్ర బలహీనంగా ఉంటుంది. ఆ సరిహద్దు వెంబడి వలయానికీ వలయానికీ మధ్య చీలిక రావడం సిల్వర్ ఫర్ కర్రలో తెలిసిన లోపమే. మా మేస్త్రి గారు ఆ పలకలో మేకు దింపగానే అది సరిగ్గా ఆ గీత వెంబడే విచ్చింది. వలయాలు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరులో, నిదానంగా వెడల్పు పెరుగుతూ వచ్చిన పలకలు మాత్రం ఎంత బిగించినా చెక్కు చెదరలేదు.

అలాంటి సమమైన వలయాలు ఎలాంటి అడవిలో వస్తాయన్నది ఇక్కడే ప్రస్తావించాలి. స్విట్జర్లాండ్‌లోని ఎమెంటాల్ ప్రాంతంలోనూ, జూరా కొండల్లోనూ, బ్లాక్ ఫారెస్ట్‌లో కొన్నిచోట్లా రైతు కుటుంబాలు తరతరాలుగా అడవిని ఒక్కసారిగా నరకకుండా, ఎదిగిన చెట్టును ఎంచి ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ వచ్చాయి. ఆ అడవిలో చంటి మొక్క, నడివయసు చెట్టు, మహావృక్షం ఒకే చోట పక్కపక్కనే ఉంటాయి. ఫర్, స్ప్రూస్, వెడల్పాటి ఆకులుండే బీచ్ చెట్లు కలిసి పెరుగుతాయి. ఫ్రాన్సుకు చెందిన అడోల్ఫ్ గుర్నో ఆలోచనను అందుకొని, ఆన్రీ బియోలే అనే స్విస్ అటవీ అధికారి 19వ శతాబ్దం చివర్లో నూషాటెల్ జూరాలోని కూవే అడవిలో దీన్ని ఒక క్రమపద్ధతిగా మలిచాడు. కొన్నేళ్ళకొకసారి ప్రతి చెట్టు చుట్టుకొలత కొలిచి, అడవి ఎంత పెరిగిందో చూసి, ఆ పెరిగినంతే కోయడం ఆయన పద్ధతి సారాంశం. ఇలా కొద్దికొద్దిగా వెలుతురు తెరుచుకునే అడవిలో ఫర్ మొక్క మీద ఎండ ఒక్కసారిగా పడదు. అందుకే దాని వలయాలు కూడా మెల్లగా వెడల్పవుతాయి. ఈ కర్రకు ఇంతకన్నా అనుకూలమైన పెంపకం మరొకటి లేదని నా నమ్మకం. దురదృష్టవశాత్తూ విజయవాడ డిపోకు చేరే కట్ట మీద దేశం పేరు తప్ప ఏ కొండ, ఎలాంటి అడవి అన్న వివరం ఉండదు కాబట్టి, కొస చూసి ఊహించుకోవడం తప్ప మనకు దారి లేదు.

అన్ని అడవులూ ఇలా లేవు. 19వ శతాబ్దంలో మధ్య యూరప్‌లో అడవులను మొత్తంగా నరికి, ఆ బయలులో త్వరగా పెరిగే స్ప్రూస్‌ను వరుసలుగా నాటడం వ్యాపించింది. ఫర్ మొక్క బయలును తట్టుకోలేదు: వసంతంలో ఆలస్యంగా కురిసే మంచు దాని లేత చిగుళ్ళను మాడ్చేస్తుంది. దానికి తోడు జింకలు. తోడేళ్ళు, లింక్స్ అనే అడవిపిల్లి జాతి జంతువులు అంతరించిపోయిన కొండల్లో, వేట కోసం జింకలను పెంచి పోషించిన చోట, వాటి సంఖ్య బాగా పెరిగింది. స్ప్రూస్ మొక్కలు ఎదురుగా ఉన్నా జింకలు ముందు కొరికేది ఫర్ చిగుళ్ళనే. ఏటా కొస తెగిన మొక్క ఎప్పటికీ పైకి రాలేదు. పెద్ద ఫర్ చెట్లు గింజలు రాల్చుతున్నా, కింద ఒక్క పిల్ల చెట్టూ కనిపించని అడవులు అందుకే ఏర్పడ్డాయి. కంచె వేసిన చోట మాత్రం కొన్నేళ్ళలోనే ఫర్ మొక్కలు గుబురుగా లేస్తాయి. వేటను ఎలా నియంత్రించాలన్నది అక్కడ అటవీ అధికారులకూ వేటగాళ్ళకూ మధ్య నేటికీ తెగని వివాదం.

మరొక దెబ్బ గాలి నుంచి వచ్చింది. 1970, 80 దశకాల్లో దక్షిణ జర్మనీ, పరిసర ప్రాంతాల్లో ఫర్ చెట్లు ఆకులు రాల్చి, పై కొమ్మలు ఎండి, పెద్ద సంఖ్యలో చనిపోయాయి. బొగ్గు మండించే కర్మాగారాలూ విద్యుత్కేంద్రాలూ వదిలిన గంధకపు పొగకు ఈ చెట్టు చాలా సున్నితమైనది. ఆ సంవత్సరాల వలయాలు బతికిన చెట్లలో కూడా సన్నబడి ఉన్నాయి. పొగను శుభ్రపరిచే నిబంధనలు అమలులోకి వచ్చాక చెట్లు కోలుకోవడమే కాకుండా, వలయాలు మళ్ళీ వెడల్పయ్యాయి. నా పలకల్లో ఒకదానిలో బయటి అంచుకు దగ్గరగా అలాంటి సన్నని పట్టీ ఒకటుంది. అయితే బెరడు లేని పలకలో ఏ వలయం ఏ సంవత్సరానిదో తేల్చలేము. కరువుకాలాలూ, పక్క చెట్ల పోటీ కూడా అలాంటి పట్టీనే మిగులుస్తాయి. అందుచేత దాన్ని ఆ పొగకు ముడిపెట్టే సాహసం నేను చేయను.

ఇంత యూరప్ తెల్ల కర్ర మన రేవులకు ఎందుకు వస్తోందన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం అక్కడి స్ప్రూస్ అడవుల పతనంలో ఉంది. 2018 నుంచి వరుసగా వచ్చిన కరువులతో నీరసించిన స్ప్రూస్ చెట్లను బెరడు పురుగులు తినేశాయి. జర్మనీలో సుమారు 5 లక్షల హెక్టార్ల అడవి పాడయింది. చచ్చిన చెట్లను త్వరగా కోసి అమ్మక తప్పలేదు, ఆ దుంగలూ పలకలూ ప్రపంచమంతా చేరాయి. అదే కరువులో సిల్వర్ ఫర్ చాలాచోట్ల స్ప్రూస్ కన్నా బాగా నిలబడింది. స్ప్రూస్ వేళ్ళు నేల పైపొరలో పళ్ళెంలా పరుచుకుంటే, ఫర్ చిన్నప్పుడే తల్లివేరును లోతుకు దించి, బంకమట్టిని కూడా చీల్చుకొని దిగువ తేమను అందుకుంటుంది. పెనుగాలికి పడిపోయే ప్రమాదం కూడా దానికి తక్కువ. అయినా దాన్ని కరువుకు అతీతమైన చెట్టుగా భావించడం పొరపాటు. పలుచని నేలల్లో, దక్షిణపు వెచ్చని వాలుల్లో ఫర్ చెట్లు కూడా ఇటీవల ఎండిపోతున్నాయి. నీరసించిన వాటిని ఫర్‌కే ప్రత్యేకమైన బెరడు పురుగులు, కొమ్మల మీద పెరిగే బదనిక జాతి మొక్కలు ముగించేస్తున్నాయి. అక్కడి అటవీ శాఖలు స్ప్రూస్ పోయిన చోట బీచ్, ఓక్ చెట్లతో కలిపి ఫర్‌ను నాటిస్తున్నాయి, ఒంటరి జాతిగా కాదు. అది సరైన నిర్ణయమని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు పలక పనితనం. ఆరిన ఫర్ కర్ర ఘనపు మీటరుకు సుమారు 450 కిలోలు తూగుతుంది. మన కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్రంత తేలిక కాకపోయినా, టేకు అలవాటైన చేతికి ఇది దూదిలా అనిపిస్తుంది. మా మేస్త్రి గారు మొదట్లో దీన్ని చూసి, "మాస్టారూ, దీనికి చేవ ఎక్కడుందండీ? అంతా తెల్లగానే ఉంది కదా" అని సందేహించారు. ఆయన గమనించింది నిజమే; ఈ చెట్టులో నడిమి చేవకూ బయటి కర్రకూ రంగులో తేడా ఉండదు. చిత్రిక పట్టేటప్పుడు పదును తగ్గితే పీచు లేస్తుంది, నల్లముడుల దగ్గర చిత్రిక ఇనుము దెబ్బతింటుంది. రంపానికి, ఉలికి మాత్రం తేలిగ్గా లొంగుతుంది. స్క్రూ బిగించే ముందు చిన్న రంధ్రం వేసుకుంటే కొసలు పగలవు. ఫెవికాల్ అతుకు గట్టిగా పట్టింది. గరుకు కాగితంతో రుద్ది, రంగు కలపని పాలిష్ వేశాక వచ్చిన లేత కాంతి నాకు ఎంతో నచ్చింది. ఆస్ట్రియాలోని ఫోరార్ల్‌బెర్గ్ ప్రాంతంలో ఇళ్ళ లోపలి గోడలకూ, పైకప్పులకూ ఈ కర్రనే ఏ రంగూ వేయకుండా వాడతారు. ఆ ఎంపిక వెనుక ఉన్న అభిరుచి అలమరా పూర్తయ్యాక నాకు బాగా అర్థమైంది.

అలమరా అరల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అంగుళం మందం పలక మీద పుస్తకాల బరువు పడితే రెండున్నర అడుగులు మించిన అర మధ్యలో వంగుతుంది. మా మేస్త్రి గారు ప్రతి అర కింద వెనుక అంచున ఒక రీపరు బిగించారు, దానితో సమస్య తీరింది.

ఈ కర్రలో అసలైన ఇబ్బంది తేమ. బతికి ఉన్న సిల్వర్ ఫర్ నడిమి భాగంలో నీరు పట్టి ఉండే మచ్చలు ఏర్పడటం సాధారణం; ఆ భాగంలో సూక్ష్మజీవులు కూడా చేరి పుల్లని వాసన వస్తుంది. ఆ మచ్చలు ఉన్న పలకను మిగతా వాటితో కలిపి కొలిమి గదిలో ఆరబెట్టినా, మిగిలినవి ఆరేసరికి దాని లోపల చెమ్మ ఇంకా ఉంటుంది. అలాంటి పలకను మన ఎండల్లో వాడితే మెలి తిరుగుతుంది. డిపోలో నాకు చూపించిన ఒక కట్టలో సగానికి దగ్గరగా ఇలాంటివే ఉన్నాయి: చేత్తో ఎత్తితే ఒకటి తేలికగా, పక్కది బరువుగా తగిలేది. కట్టల మధ్య పెట్టిన అడ్డ చెక్కల మీద 'హెచ్‌టీ' ముద్ర చూపించి, సరుకు బాగా ఆరినదని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఆ ముద్రకూ ఆరడానికీ సంబంధం లేదు. పురుగులు దేశాలు దాటకుండా, ప్యాకింగు చెక్క లోపలి భాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలేలా కాచారని మాత్రమే దాని అర్థం. కొనేవారు ఈ తేడా తప్పక తెలుసుకోవాలి. తేమ కొలిచే మీటరు డిపోలో లేదు. ఇంత దిగుమతి సరుకు అమ్మే చోట అది లేకపోవడాన్ని నేను పెద్ద లోపంగానే లెక్కిస్తాను.

చెద గురించి మన ప్రాంతంలో ఎవరూ అడగకుండా ఉండరు. సిల్వర్ ఫర్‌కు చెదను ఎదిరించే శక్తి లేదు, నేల మీద చెమ్మ తగిలితే బూజు కూడా త్వరగా పడుతుంది. నేను పలకలకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పట్టించి, అలమరాల కింద గ్రానైటు ముక్కలు వేయించి, గోడకు వేలెడు దూరంలో నిలబెట్టించాను. మామిడి, రబ్బరు కర్రలను పిండి చేసే పొడి పురుగు మాత్రం ఈ జాతి కర్రల జోలికి రాదు, అది ఒక ఊరట. ఇదే కర్ర పూర్తిగా నీటి అడుగున, గాలి తగలకుండా ఉంటే శతాబ్దాలు నిలుస్తుంది. 18వ శతాబ్దంలో బ్లాక్ ఫారెస్ట్ ఫర్ దుంగలను పెద్ద తెప్పలుగా కట్టి, రైన్ నది మీదుగా హాలండ్‌కు పంపేవారు. అక్కడ అవి ఓడల నిర్మాణానికీ, బురదనేలల్లో భవనాల పునాది గుంజలకూ ఉపయోగపడ్డాయి. తడి ఎండ మార్చి మార్చి తగిలే చోటే దీని బలహీనత. మన వీధి గుమ్మం సరిగ్గా అలాంటి చోటు కనుక, అక్కడికి టేకు, వేప, నల్లమద్ది కర్రలే తగినవి.

డిపో సేవ విషయానికి వస్తే, మొత్తం మీద నేను తృప్తి చెందాను. యజమాని నిదానస్తుడు. పలకల కొసలకు పూసి ఉన్న ఎర్ర రంగు వల్ల వలయాలు కనపడటం లేదని చెబితే, విసుక్కోకుండా ప్రతి పలకకూ రెండంగుళాలు కొత్తగా కోయించి చూపించారు. "ఇలా కొసలు చూసి ఏరుకునేవాళ్ళు మాకు అరుదండీ మాస్టారూ, పొడవూ ధరా అడిగి తీసుకెళ్ళిపోతారు" అన్నారు. సరుకును రేకుల షెడ్డులో, పలకకూ పలకకూ మధ్య రీపర్లు పెట్టి గాలి ఆడేలా పేర్చారు. ఈ ఒక్క పని సరిగా చేసే డిపోలు ఎక్కువ లేవు. మిషను చిత్రిక అక్కడే పట్టిస్తారు, కూలి సబబుగానే ఉంది. ట్రాలీ ఆటోలో వారధి మీదుగా గుంటూరు చేర్చేటప్పుడు పలకల మీద టార్పాలిన్ కప్పి, అంచులు విరగకుండా గోనెలు చుట్టారు. లోపం కొలతలో ఉంది: చిత్రిక పట్టక ముందు మందాన్ని బట్టి ధర కడతారు, ఇంటికి వచ్చే పలక అంతకన్నా పలుచన. ఇది వ్యాపారంలో మామూలే కావచ్చు, కానీ ముందుగా నోరు విప్పి చెప్పడం వారి బాధ్యత. బిల్లులో కర్ర జాతి పేరు సరిగా రాయమని నేను గట్టిగా అడిగాను. యజమాని ఒప్పుకొని చేత్తో 'సిల్వర్ ఫర్' అని చేర్చి సంతకం చేశారు.

ధర స్థానిక టేకుతో పోలిస్తే బాగా తక్కువ, న్యూజిలాండ్ పైన్ కన్నా కొంచెం ఎక్కువ. అంగుళం మందంలో వెడల్పాటి పలకలు ఎప్పుడూ ఉండవు, కొత్త లోడు వచ్చిన వారంలో వెళ్ళడం మంచిది. వెళ్ళేటప్పుడు చిన్న భూతద్దం, వీలైతే తేమ మీటరు వెంట తీసుకువెళ్ళండి. మీటరు 12 శాతానికి మించి చూపిస్తే ఆ పలకను వదిలేయండి. మీటరు లేకపోతే ఒకే కొలత ఉన్న పలకలను రెండు చేతులతో ఎత్తి బరువు పోల్చుకోండి, బరువుగా తోచినదాన్ని పక్కన పెట్టండి. కొసలు కొత్తగా కోయించి, సన్నని వలయాల పక్కనే అకస్మాత్తుగా వెడల్పు వలయాలు మొదలైన పలకలను ఏరి పారేయండి. తెచ్చిన పలకలను వెంటనే పనిలో పెట్టకుండా, పని జరిగే గదిలోనే రీపర్ల మీద పేర్చి, కనీసం మూడు వారాలు ఆరనివ్వండి. వానాకాలంలో కొంటే ఇంకొంచెం ఎక్కువకాలం ఆగాలి. ఆదివారాలు డిపో మూసి ఉంటుంది; మిగతా రోజుల్లో ఉదయం పూట వెళితే కట్టలు విప్పి చూపించడానికి కూలీలు అందుబాటులో ఉంటారు.